సర్కారు మగ్గానికి సారయ్య ఇచ్చిన కొసలు

శ్రీ రాజనర్సయ్య గారు నిజాం సర్కారు లెక్కన ఫసలీ 1341 (క్రీ.శ. 1931) ఆజూరు మాసం మొదటి తేదీన అమీర్‌పేట సర్కారు మగ్గాల బడిలో ఉస్తాదుగా కొలువులో చేరారు. మిల్లు బట్ట ధాటికి చితికిన చేనేతను పునరుద్ధరించాలని, నేర్చుకునేవారికి వజీఫాగా నెలనెలా భత్యం ఇచ్చి మరీ కొత్త మగ్గాలపై తర్ఫీదు ఇప్పించాలని సర్కారు సంకల్పించిన రోజులవి. సంకల్పం ఘనమైనదే. అయితే సర్కారు పెట్టే కూటిలో రాయి ఎక్కడుందోనని వెతకడం మనవాళ్లకు కడుపు మాడి అబ్బిన విద్య.

పంజగుట్ట నేతగాళ్ల వాడకట్టులో సారయ్య ఆ విద్యలో ఆరితేరినవాడు. "ఉత్తగనే పైసలిచ్చి పని నేర్పుతరా? రేపు మన మగ్గాలు లెక్కవెట్టి పన్నేస్తరు, సూడుండ్రి" అని ఇంటింటికీ చెప్పి వచ్చాడు. చివరికి పూట గడవక తానే ముందుగా బడిలో చేరాడు. అనుమానాన్ని మాత్రం గడప బయట విడిచి రాలేదు.

మొదటి తనిఖీ దగ్గరపడినప్పుడు రాజనర్సయ్య గారి వల్ల ఒక పొరపాటు జరిగింది. బడి శుభ్రంగా కనబడాలని, నేసిన బట్టలు దించాక మగ్గాలపై మిగిలిన పోగులన్నీ కోయించారు. నేతగాని ఇంట పాత పోగుల కొసలకే కొత్త పడుగు నిలువు పోగులను అతుకుతారు. మగ్గం ఖాళీ అయ్యేది మనిషి పోయిన ఇంట్లోనే. మిల్లులో పని నేర్చిన ఆయనకు ఆ పట్టింపు మరుపున పడింది. మర్నాడు బడికి ఒక్కరూ రాలేదు. తనిఖీనాడూ రాకుంటే వజీఫా ఆగుతుంది, బడి మూతపడుతుంది.

ఆయన హోదా చూసుకోక సారయ్య ఇంటికి నడిచి వెళ్లి గడపలో కూర్చున్నారు.

"తప్పు నాదే, సారన్నా. నీ మగ్గం మీది కొన్ని కొసలు జర కోసియ్యి. బడి మగ్గాలకు అతుకుత."

"ఇయ్యాల కొసలంటరు, రేపు మగ్గమంటరు. మీ ఇంట్ల మగ్గం లేదా, సారూ?"

"ఉన్నది. మా నాయిన పోయినప్పటిసంది ఖాళీగనే ఉన్నది."

లోపలినుంచి సారయ్య భార్య వజ్రమ్మ అన్నది: "పన్నేసేటోడు కొసలడుగుతడా? మగ్గమే గుంజుకపోతడు. కోసియ్యరాదా!"

"కోస్త గని మీ చేతికియ్య, సారూ. నేనే వచ్చి అతుకుత" అన్నాడు సారయ్య.

అలాగే అతికాడు. తనిఖీనాటికి ప్రతి మగ్గం మీదా మనిషి ఉన్నాడు. తరువాత అధికారులు మారారు, వజీఫా ఆగింది, మళ్లీ వచ్చింది. యుద్ధకాలంలో నూలు కరువైంది. నేత ఆగిన నెలల్లోనూ రాజనర్సయ్య గారు మగ్గాలపై కత్తెర పడనివ్వలేదు. సారయ్య ఆయనకు సహాయ ఉస్తాదు అయ్యాడు. సర్కారును మాత్రం నేటికీ నమ్మడు. "వచ్చే సారు నూలు తెస్తడో, కత్తెర తెస్తడో" అన్నది ఇప్పుడు ఆయన ఫికరు.

ఈ ఫసలీ 1355 (క్రీ.శ. 1946) ఆబాన్ ఆఖరున ఉస్తాదు కొలువు విరమిస్తున్న వేళ, ఆయన ఇంటి ఖాళీ మగ్గాన్ని మరువక, శాలువాతో పాటు సారయ్య బడి మగ్గం మీది కొన్ని కొసలు కోసి తెచ్చాడు. ఈసారి ఉస్తాదు చేతికే ఇచ్చాడు. తండ్రి మగ్గానికి వాటిని అతికించుకుని, పడుగు వెంట పడుగు నేస్తూ, కంటిచూపు తగ్గక, నడుము వంగక, శ్రీ రాజనర్సయ్య గారు సకుటుంబంగా చిరకాలం వర్ధిల్లాలని, ఆ ఇంట మగ్గం మరెన్నడూ ఖాళీ కాకూడదని మనసారా కోరుకుంటున్నాము.