రామస్వామి తాత గెలిపించిన రేసుగుర్రం

రాండి పిల్లకాయలూ, తిన్నె మింద చోటుండాది, దగ్గరికి జరిగి కూసోండి. కేశవా, ఎద్దుల పందెం జరిపించే పెద్దమనిషివి, నువ్వూ కూసో నాయనా. రేపు ఎద్దుల పందెంలో నా కోడెను విడవనియ్యనంటివి గదా, బక్కది, ఊరి పరువు పోతాదని. చెన్నై రేసుగుర్రాన్నే గెలిపించినోణ్ణి, ఈ కోడె నాకెంత?

పాలార్ ప్రిన్స్ అని దాని పేరు. మంచి జాతిదే, అయినా ప్రతి పందెంలోనూ అన్ని గుర్రాల ఎనక కడాకు వస్తా ఉండె. నేను ఆ లాయంలో గడ్డి వేసేవాణ్ణి. యజమాని తలపట్టుకోని కూసోనుంటే, నా చేతికియ్యి సామీ అంటిని. ఉలవలు ఉడకబెట్టి పెడితిని, ఇసకలో తిప్పితిని. నెల తిరక్కముందే కప్పు కొట్టె.

"కప్పు యాడుండాది తాతా?" అన్నాడు వసంత్.

గుర్రానికే ఇచ్చేస్తిరా, దాంట్లోనే నీళ్ళు తాగతా ఉండె. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రెండో పందెంలో దాని నీడ వెనకబడిపోయె. జనం నీడకు గూడా చప్పట్లు కొట్టిరి. ఇంక మూడోది, పెద్ద పందెం. గేటు కాడ మెడతాడు ఊడదీసి, తోక మెలేసి, వీపు మింద ఒక్కటి చరిచి విడిస్తిని. అటూఇటూ జనం దాని వీపు తట్టాలని చేతులు చాపతా ఉండారు, అందితే గదా. గీత దాటినా నిలవలేదు. కాంచీపురం, బాగాయం దాటి మన గుడియాత్తం వచ్చి, మా ఇంటామె కుప్పమ్మ పెట్టిన కుడితి తాగి, తిరిగి చెన్నైకి పొయ్యేసరికి రెండో గుర్రం ఇంకా గీత కాడికే రాలేదు.

అందరూ నవ్వారు. కేశవ్ కూతురు రంజని మాత్రం నవ్వలేదు.

"తాతా, టీవీలో గుర్రం మింద ఒకాయన వంగి కూసోనుంటాడే. నీ గుర్రం మింద ఎవరు కూసోనుండిరి?"

మన వీధి పందెంలో ఎద్దు వీపు మీద ఎవరూ ఉండరు, అది ఒంటిగానే పరిగెత్తుతుంది. ఆ పందెం తప్ప తాత ఇంకో పందెం చూడలేదని అందరికీ అప్పుడు తెలిసిపోయింది.

"చాలు పెదనాయనా," అంటూ కేశవ్ లేచాడు. "రేపు కోడెను ఇంటికాడే కట్టెయ్."

గుర్రం మింద కూసునే జాకీనా? ఆ వేగానికి వీపు మింద మనిషి నిలుస్తాడా అమ్మా? జారిపడినాడు, ఇంకా నెమిలి ఊరి కాడ నడిచి వస్తా ఉండాడు. కేశవా, నువ్వు నా కోడెకు వీధి మూసుకో నాయనా, అది నా చేన్లో పరిగెత్తుతాది, చూసేదానికి ముందు నువ్వే వస్తావు. ఊఁ, లేవండి పిల్లకాయలూ, ఇండ్లకు పోయి సంగటి తినండి. ఆ జాకీకి గూడా ఒక ముద్ద తీసిపెట్టమని మీ అమ్మలకు చెప్పండి, పాపం ఆకలితో వస్తాడు.