గడియారాల బావ కుడికన్ను

కన్నలా నలపకే అమ్మాయీ! నలిపితే నలుసు పోతుందా ఏమన్నా? మా బావా ఇలాగే నలిపాడు. ఏ బావ అంటావేంటి, మా అక్క మొగుడు, గడియారాలు బాగుచేసేవాడు. నువ్వు పుట్టకముందే పోయాడులే. పనిలో మొనగాడు. కుడికంటికి భూతద్దం బిగించాడంటే పక్కన పిడుగు పడ్డా తల తిప్పేవాడు కాదు. నోరు మాత్రం, అబ్బో! నేను కనపడితే చాలు, "ఏమోయ్ బావమరిదీ, నీ బుర్రకి కీ ఇచ్చి ఎన్నాళ్ళయింది?" అనేవాడు. ఎక్కడున్నాను? ఆఁ, కన్ను. ఎర్రబడింది, నీళ్ళు కారడం, వెలుతురు పడితే చాలు మెలికలు తిరిగిపోవడం. "అద్దం అంచు ఒరుసుకుందిలే" అని రెండు వారాలు నెట్టుకొచ్చాడు. చివరికి అక్క పోరు పడలేక నాతో ఆసుపత్రికొచ్చాడు.

డాక్టరమ్మ ఓపిగ్గా చూసి, "నల్లగుడ్డు అంచున నెలవంకలా పుండు పడిందండీ. చాలా అరుదైన జబ్బు. ఒంటికి కాపలా ఉండే కణాలే దారి తప్పి కంటిని కొరుకుతున్నాయి" అంది. రక్తపరీక్షల్లో ఇంకే రోగమూ బయటపడలేదు. గంటగంటకీ చుక్కలు వేయించింది, పుండు పక్కన తెల్లపొర కాస్త కత్తిరించింది. మూడు వారాలకి నొప్పి మాయం! "నేను చెప్పేదాకా చుక్కలు ఆపొద్దు" అని మరీ మరీ చెప్పింది. ఈయన వింటేనా? కొట్లో ఆయనకో నియమం, నడుస్తున్న గడియారం మూత తియ్యకూడదని. కంటికీ అదే పెట్టాడు! "బాగానే ఉందిగా, ఇంకా కెలకడమెందుకే?" అని అక్క మీద కస్సుమని, సీసా బీరువాలో పడేశాడు. పన్నెండో రోజు భోజనం దగ్గర కంట్లోంచి వెచ్చగా ఏదో జారింది. కంచాలు వదిలేసి పరిగెత్తాం. అంచు పల్చబడి చిల్లు పడిందట. కారింది కన్నీరు కాదు, కంటి లోపలి నీరు. డాక్టరమ్మ తిట్టలేదు, దానికే ఇంకా భయమేసింది. కంటికి వాడే జిగురేదో పెట్టి చిల్లు మూసింది, తర్వాత పోయినవాళ్ళెవరో దానమిచ్చిన కంటిపొర ముక్క అతికించింది. గుడ్డు దక్కింది గానీ చూపు మసక. మనిషిని పోల్చుకుంటాడు, స్క్రూ కనపడదు. "ఎడమదానికీ వస్తుందా?" అనడిగాడు. "రాదని మాటివ్వలేనండీ" అంది. ఆ రోజునుంచీ నా బుర్రకి కీ సంగతి ఎత్తడమే మానేశాడు.

ఎనిమిది నెలలు కొట్టు మూత. మందులు మాత్రం అక్క వేళ తప్పనివ్వలేదు. ఒక ఉదయం భూతద్దం ఎడమకంటికి బిగించి కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళ అలవాటు కదా, చెయ్యి కుడివైపుకే పోతోంది. వెంట్రుకంత స్ప్రింగు, పట్టుకుంటే జారడం, జారితే వెతకడం. నేను వంగబోతే "తొక్కుతావు, కదలకు!" అని అరిచాడు. అరిచాడని నాకెంత సంబరమో! నాలుగోసారికి కూర్చుంది. లోపల చక్రం కదిలింది. అక్క గుమ్మంలో నిలబడి "నడుస్తోందా?" అంది. ఆయన లేచెళ్ళి గడియారాన్ని అక్క చెవి దగ్గర పెట్టాడు. ఆ ఎడమకంటితోనే ఇంకో పదహారేళ్ళు పనిచేశాడమ్మా. ఆ ఉదయం అక్క అలా చెవి ఆనించుకుని...

ఆ కిటికీ కాస్త మూయమ్మా, ఎండ నీ మొహం మీద పడుతోంది.