అద్దం ఎత్తు

పాత బాత్‌రూమ్ లోపల టేపు, పెన్సిలు పట్టుకుని మేస్త్రీ. గుమ్మం దగ్గర భార్యాభర్తలు.

"ఇక్కడ రెండు గీతలున్నాయి సారూ. పైన ఒకటి, కింద ఒకటి. అద్దం దేని ప్రకారం బిగించమంటారు?"

"కిందదాని ప్రకారం. అది నేను గీసిందే. పైది ఎవరు గీశారు?"

"ఇంకెవరు గీస్తారు, నేనే. మీరే చెప్పండి మేస్త్రీ గారూ, ఆ కింద గీతకి పెడితే ఈయనకి అద్దంలో మొహం కనపడుతుందా? చొక్కా గుండీలు కనపడతాయి."

"గుండీలు సరిగ్గా పెట్టుకున్నానో లేదో చూసుకుంటా. మంచిదేగా."

"మరి గడ్డం గీసుకోవాలంటే?"

"వంగుతా."

"వంగితే మీకు కళ్ళు తిరుగుతాయి."

"ఒక్కసారి తిరిగాయే! దానికి ఊరంతా టముకు వేస్తున్నావు. మేస్త్రీ, నువ్వు కింద గీతే చూడు. షవరూ కిందకే. గీజరు స్విచ్చు, సబ్బుల గూడు, తువ్వాలు కొక్కెం, అన్నీ ఈవిడ చెయ్యి అందేటట్టు దింపెయ్."

"నాకెందుకు అందడం? స్విచ్చు రోజూ మీరే వేస్తారుగా."

"వేస్తా. వేస్తాననుకో. అందితే నష్టమేంటి?"

"అంటే అమ్మగారి ఎత్తుకే అంతా. సరే. అమ్మా, మీరేమంటారు?"

"షవరు పైనే ఉండనివ్వండి. దాని కింద చిన్న అరుగు కట్టండి, కూర్చుని స్నానం చేసేటట్టు. పక్క గోడకి స్టీలు కడ్డీ వెయ్యండి, మనిషి బరువంతా వేలాడినా ఊడకూడదు. తలుపు వెడల్పు చెయ్యాలి."

"తలుపెందుకే వెడల్పు? ఏనుగొస్తుందా స్నానానికి?"

"కుర్చీ రావాలి."

"ఏ కుర్చీ?"

"ఏ కుర్చీయో మీకు తెలుసు. నా నోటితో అనిపించకండి."

"చూశావా మేస్త్రీ? ఇల్లు కాదు, ఆస్పత్రి కట్టిస్తోంది. అరుగట, కడ్డీయట. ఇంకా నయం, గంట కూడా పెట్టమనలేదు."

"గంట గురించి నేనే అడుగుదామనుకున్నా."

"అమ్మా, ఒకటి చెప్తాను. ఉన్నదే ఇరుకు గది. అరుగు కడితే సారు చెప్పిన గూడు పట్టదు. షవరు పైనా కిందా రెండు చోట్లా ఉండదు. మీ ఇద్దరూ ఒక మాట మీదకి రండి, నేను సుత్తి ఎత్తుతాను."

"తలుపు మాత్రం బయటికి తెరుచుకోవాలి మేస్త్రీ గారూ. అది తేలిపోయింది."

"బయటికి తెరిస్తే నడవాలో వెళ్ళేవాళ్ళకి తగులుతుందమ్మా. లోపలికే..."

"లోపల మనిషి తలుపుకి అడ్డంగా పడిపోతే?"

"అబ్బా, మళ్ళీ మొదలు!"

"ఎలా తెరుస్తాం మేస్త్రీ గారూ? ఆ రోజు నేను తోసేకొద్దీ తలుపు ఆయనకే తగులుతోంది. నెమ్మదిగా తోస్తే తెరుచుకోదు, గట్టిగా తోస్తే ఆయన తలకి. చివరికి పక్కింటాయన కిటికీ పగలగొట్టుకుని దిగాడు. అదుగో, అక్కడ అట్టముక్క అంటించాం చూడండి, అది ఆ కిటికీయే."

"జారిపడ్డానయ్యా. తడి నేల. ఎవడైనా జారతాడు."

"నేల పొడిగా ఉందండీ."

"నువ్వు చూశావా?"

"మీ ఒంటి మీద చుక్క నీళ్ళు లేవు. అప్పటికింకా కుళాయే తిప్పలేదు మీరు."

"సరే, బయటికే తెరవనీ తలుపు. సంతోషమా? వెళ్ళి కాస్త టీ పెట్టు. ఈయన వచ్చినప్పట్నుంచీ మన గొడవే వింటున్నాడు పాపం."

"పెడతాను. నేను లేనప్పుడు షవరు దింపించకండి."

"వెళ్ళవే బాబూ! ... మేస్త్రీ, ఇలా రా. దగ్గరికి రా. ఆవిడవి పాము చెవులు. నీ గురించి అందరూ ఒకటే మాట చెప్తారు. అన్న రోజుకి పని ముగిస్తావట."

"నాకున్నది ఆ పేరొక్కటే సారూ. మా మేస్త్రీల సంగతి తెలుసుగా, గోడ పగలగొట్టేసి ఇంకో ఇంటికి పోతారు. ఫోనెత్తరు. ఎత్తితే అత్తగారికి బాగోలేదంటారు. నేనలా కాదు. ఆఖరి టైలు అంటించి, నేల కడిగి, ఇంటివాళ్ళు చూసి సరే అన్నాకే సామాను సర్దుతాను."

"అందుకే నిన్ను పిలిచాను. వానలు మొదలయ్యేలోపు అయిపోవాలి."

"వానలకీ దీనికీ ఏంటి సారూ? ఇంటి లోపలి పనేగా."

"పనికి కాదు. నాకు. డాక్టరు వానలదాకా అన్నాడు."

"సారూ?"

"గట్టిగా అనకు. తలలో గడ్డ ఉంది. కత్తి పెట్టడానికి వీల్లేని చోట ఉందట. ఆవిడ వెంట ఉన్నప్పుడు ఆ డాక్టరు నీళ్ళు నమిలాడు. తర్వాత నేనొక్కణ్ణే వెళ్ళి నిలదీస్తే చెప్పాడు. ఆవిడకి తెలీదు. పడ్డానని భయపడి కడ్డీలూ కుర్చీలూ అంటోంది, అంతే."

"మరి అమ్మగారితో ఏమనమంటారు సారూ?"

"ఏం అనకు. కింద గీతకి పెట్టు, చాలు. ఇల్లు కట్టినప్పుడు అన్నీ నా ఎత్తుకే పెట్టించాను. నేనున్నానుగా వెయ్యడానికి అనుకున్నా. రేపు ఆవిడ ఒక్కతే ఉంటుంది. తడి కాళ్ళతో స్టూలెక్కి స్విచ్చు వెయ్యబోయి పడిందనుకో, లేపేదెవడు? నాకు చావంటే అంత బెంగ లేదు మేస్త్రీ. ఆ స్టూలంటేనే బెంగ."

"దిగులు పడకండి సారూ. మందులు..."

"మందుల మాట వదిలెయ్. ఈ పని మీద ప్రాణం పెట్టుకుని ఉన్నాను. ఇది పూర్తయ్యేదాకా నాకేం కాదు, చూస్తూ ఉండు. మా నాన్నా అంతే. మా చెల్లెలి కాన్పు అయ్యేదాకా రేపో మాపో అన్నట్టుండి కూడా ఆగాడు. పిల్లని ఒళ్ళో పెడితే చూశాడు. తెల్లారేసరికి లేడు. నేనూ ఆవిడ చెయ్యి ఆ స్విచ్చుకి అందడం చూస్తాను. ఇక చాలు, వెళ్ళిపోతాను."

"ఏం చూస్తారు? ఎక్కడికి వెళ్తారు?"

"వచ్చావా! టైల్స్ చూడ్డానికి కొట్టుకి వెళ్తానంటున్నా. నీకిష్టమని ఆ నీలం రంగు... పెళ్ళయిన కొత్తలో అడిగేదానివి చూడు, నీళ్ళలో ఉన్నట్టుంటుందని."

"అవి నున్నగా ఉంటాయి. నాకొద్దు. గరుకువి వేయించండి."

"గరుకువి మురికి పడతాయమ్మా. రోజూ బ్రష్షుతో రుద్దుకోవాలి."

"రుద్దుకుంటాను. నాకు వేరే పనేముంది? తీసుకోండి, టీ. ఏమండీ, మీరూ... పట్టుకున్నారా?"

"పట్టుకున్నా."

"పట్టుకోలేదు! అయ్యో, కాలు మీద పడిందా? కాలిందా?"

"లేదు. పట్టుకున్నాననే అనుకున్నా. చెయ్యి... వేళ్ళు మూసుకున్నాయనే అనుకున్నానే."

"నేను తుడుస్తానమ్మా, మీరు సారుని చూడండి. గాజు పెంకులున్నాయి, జాగ్రత్త."

"వెళ్ళి పడుకోండి. గోడ పట్టుకుని వెళ్ళండి. నేను రానా?"

"రానక్కర్లేదు. ఆ మాత్రం నడవలేనా? మేస్త్రీ, కింద గీత! మర్చిపోకు!"

"మర్చిపోను సారూ."

"పెంకులన్నీ ఈ చేటలోకి ఎత్తెయ్యండి."

"సారు పడుకున్నట్టున్నారమ్మా. నేనూ బయల్దేరతాను. రేపు పొద్దున్నే మనిషిని తీసుకుని వస్తా."

"ఆగండి. ఏం చెప్పారు మీకు?"

"ఏముందమ్మా? టైల్స్ గురించి, రంగుల గురించి..."

"వానలదాకా అన్నారా?"

"అమ్మా!"

"ఆ డాక్టరు ముందు నాకే చెప్పాడు. ఆయనకి ఎలా చెప్పాలో తెలీక, నన్నే సలహా అడిగాడు మహానుభావుడు. ఇప్పుడాయన నాకు తెలీదనుకుంటున్నారు. నేనూ తెలియనట్టే తిరుగుతున్నాను. ఒకే ఇంట్లో ఇద్దరు దొంగలం. పక్క మీద ఆయన నిద్ర నటిస్తారు, నేనూ నటిస్తాను."

"ఇద్దరికీ తెలిసినప్పుడు ఒకసారి నోరు విప్పి మాట్లాడుకోకూడదా?"

"మాట్లాడుకుంటే ఇంకేం మిగులుతుంది? ఇప్పుడు పోట్లాడుకోడానికి షవరుంది, అద్దముంది. అది తీసేస్తే ఒకరి మొహం ఒకరం చూసుకుని ఏడవడమేగా. నాకు భయంగా ఉంది. చాలా భయంగా ఉంది. మిమ్మల్ని తమ్ముడూ అంటాను, ఏమీ అనుకోరుగా?"

"అనండక్కా."

"కింద గీతకే పెట్టు తమ్ముడూ అద్దం. షవరూ దింపెయ్. ఆయన మాటే కానివ్వు."

"మరి అరుగు? కడ్డీ? సారుకి స్నానం..."

"వంటింటి పక్కన కూర్చోబెట్టి నేనే పోస్తాను. లేవలేని రోజు వస్తే ఒళ్ళు తుడుస్తాను. అవన్నీ నేను చూసుకుంటా. నువ్వు నాకొక్కటి చెయ్యి."

"చెప్పక్కా. పండగనీ సెలవనీ చూసుకోను. ఇద్దరు మనుషుల్ని ఎక్కువ పెట్టి, వానల కంటే బాగా ముందే ముగిస్తాను. సారు కళ్ళారా చూసేటట్టు చేస్తాను. నా మాట మాటే."

"ఆ మాటే నాకొద్దు."

"అర్థం కాలేదక్కా."

"తలుపు చాటు నుంచి విన్నాను. వాళ్ళ నాన్న సంగతి చెప్పారుగా నీకు? అది నిజం. నేనప్పుడు ఆ ఇంట్లోనే ఉన్నాను, నా కళ్ళతో చూశాను. తమ్ముడూ, నీ మంచి పేరు నా కోసం పాడు చేసుకో. అందరు మేస్త్రీల్లాగే ఉండు. రేపొస్తానని రాకు. టైల్స్ చాలలేదను, మనిషి దొరకలేదను, మీ అత్తగారికి బాగోలేదను. ఆయన తిడతారు, పడు. నిన్ను తిట్టడానికైనా రోజూ లేచి కూర్చుంటారు."

"దాంతో ఆగుతుందా అక్కా?"

"ఆగదు. నాకు తెలుసు. అయినా ఆ గోడకి ఒక్క టైలు, ఒకే ఒక్క టైలు, వెయ్యకుండా ఉంచెయ్ తమ్ముడూ."