రొయ్యల చెరువు గేటు

చల్లపల్లికి దిగువన, మురుగుకాలవ మలుపులో, రొయ్యల చెరువు గట్టుకి అడ్డంగా ఇనప గేటు. గేటుకవతల మోటారుసైకిలు మీద చెరువు యజమాని కొడుకు చక్రి. ఇవతల ట్రాక్టరు తొట్టిలో మేకులు కొట్టిన శవపెట్టె. దాని పక్కన పాస్టరు ఎలీషా, పోయినవాడి భార్య సువార్తమ్మ. వెనక పేటంతా పాటలు పాడుతూ నిలబడి ఉంది. సువార్తమ్మ నడుముకి దోపుకున్న గుడ్డసంచి మీద నించి చెయ్యి తియ్యడం లేదు.

“అట్టా అంటే ఎట్టా చక్రిబాబూ? శవాన్ని రోడ్డు మీద పెట్టుకుని ఎంతసేపు నిలబడతాం?”

“నేను నిలబడమన్నానా పాస్టరుగారూ? వెనక్కి తిప్పుకోండి.”

“తిప్పి ఎక్కడ పెట్టమంటావు? మా సమాధుల దొడ్డి నీ చెరువు వెనకాల ఉంది. నా ఇంటి వెనకాల లేదు.”

“నువ్వాగు సువార్తమ్మా. నేను మాట్లాడుతున్నాగా.”

“మీరు పొద్దుటి నించీ మాట్లాడతానే ఉన్నారు అయ్యగారూ. అద్దె ఐసుపెట్టె, ఇచ్చినోళ్ళు తీసుకుపోయారు. మనిషి ఇంక ఆగడు.”

“ఇంతకీ ఎవరు పోయింది?”

“లాజరుగారు బాబూ. మా సంఘం పెద్ద. బెజవాడ లారీ ఆఫీసులో రాత్రి డ్యూటీ చేసేవాడు. నిన్న పొద్దున ఇంటికొచ్చి, పొయ్యి ముందు కూచుని, టీ గ్లాసు చేతిలో ఉండగానే ఒరిగిపోయాడు.”

“అయ్యో. గుండెపోటా?”

“గుండే అన్నారు.”

“పాపమే. కాదన్ను. కానీ మాకు రేపు రొయ్య పట్టుబడి. వలలోళ్ళు, లారీలు, అన్నీ మాట్లాడేశాం. ఈ టైములో గట్టు మీద శవం నడిస్తే రొయ్యకి తెల్లమచ్చ తెగులు తగుల్తదని నాన్న భయం.”

“శవం నడవదు బాబూ. మేం నడుస్తాం.”

“అదే. మీరు నడిచినా.”

“రేపు నీ చెరువులో గుండెలోతు దిగి రొయ్య పట్టేదెవరు? మా పేటోళ్ళేగా? అప్పుడు రాని మచ్చ, మేం చచ్చినోణ్ణి మోసుకుపోతే వస్తదా?”

“సువార్తమ్మా!”

“అబద్ధమాడానా అయ్యగారూ?”

“అబద్ధం కాదమ్మా. సమయం కాదు.”

“మాకెప్పుడైనా సమయం వచ్చిందా?”

“చూడండి, నేనేం రాక్షసుణ్ణి కాదు. నా దగ్గర అసలు తాళంచెవి లేదు. నేనొచ్చింది అవతల రోడ్డు నించి. ఈ గేటు తాళంచెవి మా వాచ్‌మన్ కోటయ్య దగ్గరే ఉంటది. నాన్న నాక్కూడా ఇవ్వడు. కోటయ్యొచ్చి తీస్తే నేను అడ్డం పడను. సరేనా?”

“మాట మీదుంటావా బాబూ?”

“ఉంటాను పాస్టరుగారూ. వాడొచ్చి తీస్తే పోండి. తొందరగా కానిచ్చుకుని పోండి.”

“మరి ఆ కోటయ్యని పిలిపించు.”

“నిన్నటి నించీ రాలేదు. ఎక్కడ తాగి పడ్డాడో. ఉండండి, మళ్ళీ చేస్తా. అబ్బ, వెనక ఆ పాట కాస్త ఆపమనండి, ఏం వినపడి చావట్లేదు. ఆఁ, రింగవుతోంది.”

“అమ్మా, నీ సంచిలో ఫోను మోగుతోంది.”

“మా ఆడపడుచు అయ్యుంటదండి. భవానీపురం నించి బయల్దేరింది.”

“ఎత్తు మరి. ఎక్కడిదాకా వచ్చారో కనుక్కో.”

“వచ్చినప్పుడు వస్తారు. నేనిప్పుడు మాట్లాడలేనండి.”

“ఎత్తట్లేదు ఎదవ.”

“ఇంకొంచెం చూడు బాబూ. అవతల గోతిలో నీళ్ళు ఊరుతున్నాయి. మా కుర్రాళ్ళు కాలవ ఈదుకుంటా పోయి తవ్వారు. ఇందాకే మోకాలి లోతని కేకేశారు.”

“పాస్టరుగారూ, నేను చెయ్యగలిగింది ఫోను. అది చేస్తన్నా.”

“అయ్యగారూ, ఇట్టా రండి. తాళం పగలగొట్టిద్దాం.”

“తప్పమ్మా.”

“ట్రాక్టర్లో గొడ్డలుంది. ఒక్క దెబ్బ.”

“ఆఁ, పగలగొట్టండి. రేపట్నించి పేటంతా స్టేషన్లో కూచోవచ్చు. ఒక్క రొయ్య పోయినా మీ మీదే రాస్తారు.”

“నన్ను తీసుకెళ్ళమను. నన్నొక్కదాన్నే. నాకు తాళం పగిలితే చాలు. తాళంచెవితో పని లేకుండా పోతే చాలు.”

“అదేం మాటమ్మా? తాళంచెవి వస్తే అందరికీ మంచిదేగా?”

“వద్దండి. పోనీ ఇట్టా చెయ్యండి. జనాన్ని ఇంటికి పంపెయ్యండి. ప్రార్థన అయిపోయిందనండి. మీరూ నేనూ ఉందాం. అందరూ పోయాక గేటు తెరుచుకుంటది.”

“ఎట్టా తెరుచుకుంటది?”

“దేవుడు తెరుస్తాడు.”

“సువార్తమ్మా, నా మొహం చూసి చెప్పు. ఏదో దాస్తన్నావు.”

“ఏం దాస్తానండి? మొగుడు పోయినదాన్ని. దాచుకోడానికి ఏం మిగిలింది?”

“జనం పోతే పెట్టె మోసేదెవరు? నువ్వూ నేనూనా?”

“నలుగుర్ని ఉంచండి. జకరయ్యని మాత్రం పంపెయ్యండి.”

“నీ తమ్ముణ్ణా? బావ పెట్టె ముందు కొస వాడు పట్టకపోతే ఎవడు పడతాడు? నీకు మతిపోయింది. కూచో కాసేపు. నీళ్ళు తాగు.”

“నీళ్ళొద్దు.”

“పాస్టరుగారూ, ఎందుకీ గొడవంతా? నెలకిందట ఎవరో ముసలామెని కాలవ గట్టున పెట్టారుగా. అక్కడే పెట్టండి.”

“మా అమ్మని పెట్టినట్టా?”

“మీయమ్మా ఆమె?”

“మా అమ్మే. మార్తమ్మ. నీ గేటు తియ్యకపోతే, చీకట్లో, వానలో, నడుం లోతు కూడా తవ్వకుండా, గడ్డిమోపుని కుక్కినట్టు కుక్కి వచ్చాం. మర్నాటికి గట్టు జారింది. పెట్టె మూల బయటికొచ్చింది. కుక్కలు…”

“చెప్పకమ్మా. వద్దు.”

“నేనెందుకు చెప్పకూడదు? కుక్కలకి సిగ్గులేదు, వీళ్ళకి సిగ్గులేదు, నాకెందుకు సిగ్గు?”

“ఆ రోజు నేను లేనండీ. నిజంగా. హైదరాబాదులో ఉన్నా.”

“నువ్వు లేవు బాబూ. మీ వాచ్‌మన్ ఉన్నాడు. మోటారు షెడ్డులోంచి పెద్ద లైటు మా కళ్ళల్లో కొట్టి, దాని వెనకాల నిలబడ్డాడు. మొహం కనపళ్ళేదు. నేను చేతులు జోడించాను. ఆడాళ్ళు కాళ్ళ మీద పడతామన్నారు. ఒక్క మాట పలికితే ఒట్టు. రాయి నయం.”

“మా ఆయన ఆ రోజు లేడు.”

“ఎట్టా ఉంటాడమ్మా? సెలవివ్వలేదు కదా. అత్తగారి మట్టికి రాలేకపోయానని తర్వాత నా దగ్గరికొచ్చి ఎంత ఏడ్చాడు! ప్రార్థన చెయ్యండి అయ్యగారూ, ప్రార్థన చెయ్యండి అని నా చెయ్యి వదల్లేదు. అత్తగారి కోసం అంతగా ఏడ్చిన అల్లుణ్ణి నేను చూళ్ళేదు.”

“ఏడ్చాడా? మీ దగ్గర?”

“నీకు చెప్పలేదా?”

“లేదండి.”

“జకరయ్య సంగతి నీకు తెలుసుగా. ఆ బురదలోనే నిలబడి అన్నాడు, ఆ లైటు కొట్టినోడు ఎవడోగాని వాడు చచ్చిన రోజున వాడి మీద పిడికెడు మట్టి పడనివ్వనని. ఒట్లు పెట్టుకోకూడదురా అని ఎన్ని ఆదివారాలు చెప్పాను! విన్నాడా?”

“వినడు. వాడు మా అమ్మ కొడుకు.”

“కానీ దేవుడు చూశాడమ్మా. రెండోనాటి కల్లా మార్తమ్మగారి చుట్టూ ఇసక మూటలు పేర్చి ఉన్నాయి. ఎవరు వేశారు? పేటలో అందర్నీ అడిగాం. ఎవరూ కాదు. దేవదూత అని ఆడాళ్ళు గుళ్ళో సాక్ష్యం చెప్పారు. నేను దాని మీద వాక్యం కూడా చెప్పాను.”

“దేవదూతా లేదు, దోసకాయా లేదు పాస్టరుగారూ. ఆ మూటలు మావి.”

“మీవా?”

“తూము దగ్గర వెయ్యడానికి తెప్పించాం. మా కోటయ్యే ఎత్తుకెళ్ళి అక్కడ పేర్చాడు. వాడో పిచ్చోడు. శవాన్ని ఆపిందీ వాడే, మళ్ళీ మూటలు మోసిందీ వాడే. నాన్న పట్టుకుని తిట్టాడు.”

“ఏమన్నావు బాబూ? మళ్ళీ చెప్పు.”

“ఏముంది చెప్పడానికి? వానలో ఒక్కడే మోశాడు. అసలే దగ్గు మనిషి. మూట దించడం, కూచోవడం, దగ్గడం, మళ్ళీ ఎత్తడం. నాన్న వెళ్ళేసరికి ఒళ్ళంతా బురదతో నిలబడ్డాడంట. ఎవర్రా ఆ ముసల్ది నీకు అంటే…”

“అంటే?”

“‘అమ్మండి’ అన్నాడంట.”

“అమ్మన్నాడా?”

“అమ్మేంట్రా, నీది కొండపల్లి కదా అని నాన్న నవ్వాడు. వాడు ఇంకో మూట ఎత్తుకున్నాడంట. పోన్లే, నమ్మకస్తుడని ఉంచాం. నాన్న వాణ్ణి ఊరికే పెట్టాడా? వాడూ మీ కులపోడేగా. మీవాళ్ళని ఆపాలంటే మీవాణ్ణే పెట్టాలని వెతికి మరీ తెచ్చాడు.”

“అంత తెలివుంది మీ నాన్నకి.”

“నేను ఉన్నమాట చెప్తన్నా. నా మీద పడతావేంటి?”

“నీ మీద కాదు బాబూ. కోటయ్యకి మళ్ళీ ఫోను చెయ్యి.”

“చేశాగా. ఎత్తట్లేదు.”

“ఈసారి ఎత్తుతారు. చెయ్యి. అయ్యగారూ, పాట ఆపమనండి. జకరయ్యని ముందుకి రమ్మనండి. అందర్నీ రమ్మనండి.”

“ఇందాక పంపెయ్యమన్నావు!”

“ఇప్పుడు రమ్మంటన్నా.”

“పాట ఆపండయ్యా! కాస్త ముందుకి రండి. జకరయ్యా, రారా. అక్క పిలుస్తోంది. ఏంటమ్మా ఇది? నాకు భయంగా ఉంది.”

“నాకు నిన్నటి నించీ భయంగానే ఉందండి. చెయ్యి బాబూ.”

“రింగవుతోంది… ఆఁ, ఎత్తాడు! హలో! కోటయ్యా! ఎక్కడ చచ్చావురా నిన్నటి నించీ?”

“పొయ్యి ముందు బాబూ.”

“ఎవరు? ఆడగొంతేంటి? హలో… నువ్వా? ఆ ఫోను నీ దగ్గరుందేంటి?”

“నా మొగుడి ఫోను నా దగ్గర కాక ఎవరి దగ్గరుంటది? గుళ్ళో లాజరు. కాయితాల్లో కోటయ్య. మా పేటలో రెండు పేర్లు లేనిదెవరికి? ఏసు పేరు రాయిస్తే కులం సర్టిఫికెట్టు పోతదని బళ్ళో ఒకటి రాయిస్తాం, గుళ్ళో ఒకటి పెట్టుకుంటాం. మీకు లేదా అయ్యగారూ ఇంకో పేరు?”

“సువార్తమ్మా… లాజరుగారా? ఆ లైటు…”

“ఆయనే కొట్టాడు. పలికితే గొంతు పోల్చుకుంటారని పలకలేదు.”

“బెజవాడ డ్యూటీ?”

“అబద్ధం. కొండపల్లి అన్నదీ అబద్ధమే. సాయంత్రం బస్సెక్కి ఎక్కడో దిగి, నడుచుకుంటా వెనక్కొచ్చేవాడేమో. నాకూ తెలియదండి. దేవుడి మీద ప్రమాణం, తెలియదు. నిన్న నీళ్ళు పోస్తా మొలతాడు తెంపితే, దానికి కట్టి ఉంది. గేటు తాళంచెవని చూడగానే అర్థమయింది. ఈ ఊళ్ళో అంత పెద్ద తాళం ఇంకెక్కడుంది? ఇదిగో. మా అమ్మని ఆపింది ఇదే.”

“నిన్నటి నించీ నీ దగ్గరుందా? పొద్దుటి నించీ నేను వీడి కాళ్ళు పట్టుకుంటంటే…”

“చూపిస్తే ఆయన్నేం చేస్తారో తెలిసి ఎట్టా చూపించను? రాత్రంతా దీన్ని కాలవలో పారెయ్యాలనే చూశాను. పారేస్తే గేటెట్టా? ఉంచుకుంటే మొహమెట్టా ఎత్తను? చూపించకుండానే పూడ్చి పోదామనుకున్నా. మూటల సంగతి వినకపోతే అట్టాగే చేసేదాన్ని.”

“ఏయ్, ఆగు! నాన్నకి చెప్పాలి. తియ్యొద్దు, రేపు పట్టుబడి…”

“కోటయ్యొచ్చి తీస్తే అడ్డం పడనన్నావు. వచ్చాడు. పడుకుని వచ్చాడు. అంతే తేడా. చెప్పుకో మీ నాన్నకి, వాచ్‌మన్ డ్యూటీకొచ్చాడని.”

“జకరయ్యా! ఒరే, ఆగు! పెట్టె మీద చెయ్యెయ్యకు! గొడ్డలితో మేకులు పీకుతున్నాడు, పట్టుకోండయ్యా వాణ్ణి! జకరయ్యా, చచ్చినవాడిని ఏం చేస్తావురా!”

“వదిలెయ్యండి అయ్యగారూ. వాణ్ణి చూడనివ్వండి. ఒరే తమ్ముడూ, సరిగ్గా చూడు. అమ్మని ఆపింది ఈయనే. అమ్మ మీద మూటలు పేర్చింది కూడా ఈయనే. రెండిట్లో ఏదీ నేను మాపలేను. అవతల గోతిలో నీళ్ళు నిండుతున్నాయి. తాళం నేను తీస్తన్నా. మోసేదెవరో మీరు తేల్చుకోండి.”