నలభై ఎనిమిది నత్తల పరుగు

పురుగుల ఆఫీసు గేటు పక్కన ఒక టీ బండి ఉండేది. పురుగుల ఆఫీసు అన్నది బయటివాళ్ళు పెట్టిన పేరు. లోపలివాళ్ళు దాన్ని పరిశోధనశాల అనేవారు. వెన్నెముక లేని ప్రాణుల్ని అక్కడ గదులవారీగా పెంచి, ఏం తింటున్నాయో, ఎలా పెరుగుతున్నాయో చూసి పుస్తకాల్లో రాసుకునేవారు. ఒక గది నత్తలకి, ఒకటి వానపాములకి, ఒకటి సాలీళ్ళకి, మూలగది ఈగలకి. అన్ని గదుల డబ్బాలూ కడిగేది మాత్రం ఒక్క మనిషే. లోపల డబ్బాలు కడుగుతాడు, బయటికొచ్చి డబ్బా కొడతాడు. అందుకని ఆయన పేరు డబ్బాల బాబాయి అని స్థిరపడిపోయింది. ఆ పేరుకి ఆయన ఏనాడూ నొచ్చుకోలేదు. డబ్బా కొట్టడానికి కూడా చేతిలో సత్తువ ఉండాలి కదా అనేవాడు.

గేటు కాసే వాచ్‌మన్ బాబాయికి సొంత బావమరిది. బావ మాటలకి అతను ఒక లెక్క కట్టిపెట్టుకున్నాడు. "మా బావ ఏ సంఖ్య చెప్పినా పదితో భాగించాలి. వచ్చినదాంట్లో సగం తీసెయ్యాలి. మిగిలింది కూడా అక్కని అడిగి ఖాయం చేసుకోవాలి" అనేవాడు. టీ కాచే ఆమెని అందరూ వదిన అనేవారు. ఆమె నమ్మేదీ కాదు, నమ్మననేదీ కాదు. పాలు పొంగకుండా చూసుకుంటూ వినేది.

ఆ రోజు మూడింటి టీకి బాబాయి వచ్చాడు గానీ, చెప్పలేని మాట ఒకటి కడుపులో పెట్టుకుని వచ్చాడు. ఆ మాట సంగతి ఇది.

నత్తల గదిలో ఒక చదువుకునే అమ్మాయి నాలుగు నెలలుగా పని చేస్తోంది. నాలుగు డబ్బాలు, డబ్బాకి పన్నెండు, మొత్తం నలభై ఎనిమిది నత్తలు. రెండు డబ్బాలకి ఉత్త ఆకు, రెండు డబ్బాలకి ఆకు మీద గుడ్డు పెంకుల పొడి. పొడి తిన్న నత్తకి పెంకు గట్టిపడి బరువెక్కుతుందా లేదా అన్నది ఆ అమ్మాయి తేల్చాల్సిన సంగతి. ఏ నత్త ఏదో తెలియడానికి ఒక్కోదాని పెంకు మీద తెల్లరంగు చుక్క పెట్టి, దానిపైన నల్లగా అంకె వేసింది. సోమవారం సోమవారం తూచి పుస్తకంలో ఎక్కించేది. గుడ్డు పెంకులు బాబాయే తన ఇంటినుంచి తెచ్చి దంచి ఇచ్చేవాడు.

నిన్న పెద్దసారు అందర్నీ పిలిచి, ఎల్లుండి పైనుంచి మనుషులు చూడ్డానికి వస్తున్నారు, అన్నీ తళతళలాడాలి అన్నారు. ఒక డబ్బా కడిగి, దాని నత్తల్ని దాంట్లో పెట్టి, అప్పుడు రెండో డబ్బా ముట్టుకోవాలన్నది అక్కడి కట్టుబాటు. బాబాయి తొందరలో నాలుగు డబ్బాల నత్తల్నీ ఒకే తొట్టిలో దించేశాడు. చూస్తే అంకెలమీద మట్టి పేరుకుని ఉంది. పాపం ఈ పిల్ల అంకెలు వచ్చినవాళ్ళకి సరిగా కనబడవేమో అనుకుని, గోరువెచ్చని నీళ్ళు పోసి, పాత పళ్ళ బ్రష్షుతో ఒక్కొక్కదాన్నీ శుభ్రంగా తోమాడు. కళ్ళద్దాలు పెట్టుకోలేదు. నా చూపుకి అద్దాలెందుకని ఆయన గొప్ప. అన్నీ తోమి, ఎలా మెరుస్తున్నాయో చూద్దామని అప్పుడు అద్దాలు పెట్టుకుంటే, నత్తలు మెరుస్తున్నాయి. అంకెలు లేవు.

ఎవరికీ చెప్పలేదు. డబ్బాకి పన్నెండు లెక్కపెట్టి సర్దేసి ఇంటికెళ్ళిపోయాడు. పొద్దున అమ్మాయి మూత తీసి చూసి, తను కొన్న రంగే నాసిరకమనుకుని తలపట్టుకుంది. నాలుగింటికి పెద్దసారుకి ఈ మాట చెప్పాలి. ఆమె గడువు ఇంకో నెలే ఉంది. రంగు కూడా చూసి కొనుక్కోలేని మనిషికి గడువు పొడిగించమని పైకి ఎవరు రాస్తారు?

బాబాయికి ఇదంతా తెలుసు. పొద్దుట్నుంచీ తేలు కుట్టిన దొంగలా తిరిగాడు. ముందు టీ బండి దగ్గర బావమరిదికీ వదినకీ చెప్పేసి, నాలుక కాస్త అలవాటుపడ్డాక అమ్మాయికి చెబుదామని గట్టిగా అనుకునే వచ్చాడు. గ్లాసు అందుకున్నాడు. నోరు తెరిచాడు.

"నిన్న సాయంత్రం ఒక నత్త తప్పించుకుంది వదినా" అన్నాడు.

ఆయన నోరు ఆయన మాట ఎప్పుడు విన్నది గనక.

"ఒక్కటేనా?" అంది వదిన.

"ఒక్కటే. మూత వదులైంది, గోడమీద జానెడెత్తు ఎక్కింది. నేను చూశాను, పట్టుకున్నాను, లోపల పెట్టాను."

బావమరిది గ్లాసు కింద పెట్టి ఆయన నుదురు ముట్టుకు చూశాడు. "జ్వరమేమైనా తగిలిందా బావా? ఒక్కటంటే నేను దేన్ని భాగించుకోను?"

ఆ మాటతో బాబాయికి రోషం వచ్చింది.

"ఒక్కటంటే, ముందున్నది ఒక్కటిరా. దాని వెనక పదకొండు. పన్నెండూ ఒకదాని వెనక ఒకటి, చీమల బారులాగ. సరే, పన్నెండే కదా అని చెయ్యి చాపితే, రెండో డబ్బా మూత కదిలింది. మూడోది కదిలింది. నాలుగోది నా మొహం మీదే తెరుచుకుంది. నలభై ఎనిమిది, అన్నీ బయటే. ఆ తర్వాత ఏం చేశాయో తెలుసా? అంకెల వరసలో నిలబడ్డాయి. ఒకటి, రెండు, మూడు. ముప్ఫై ముందుకి దూరబోతే ఇరవైతొమ్మిది దాన్ని కొమ్ముతో పొడిచి వెనక్కి నెట్టింది."

"నత్తకి కొమ్ములతో పొడిచేంత బలం ఉంటుందా?" అంది వదిన.

"గుడ్డు పెంకుల పొడి తిన్నవి కదమ్మా. ఎవరింటి గుడ్లనుకున్నావు?"

సరిగ్గా అప్పుడే నత్తలమ్మాయి గేటు దాటి వచ్చి బల్ల చివర కూర్చుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వదిన అడగకుండానే టీ ఇచ్చింది. అమ్మాయి గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది గానీ తాగలేదు.

చెప్పాల్సిన మనిషి ఎదురుగానే కూర్చుంది, చెప్పాల్సిన మాట గొంతులోనే ఉంది. ఆగితే ఆ మాట బయటపడుతుందని భయపడి, బాబాయి ఆగకుండా కథని పరుగెత్తించాడు.

"వరసలో నడుచుకుంటూ తలుపు దగ్గరికి పోయాయి. తలుపుకి గడియ. నేను నవ్వుకున్నాను, ఇక ఎక్కడికి పోతాయిలే అని. పోయాయిరా. ఒకదాని మీద ఒకటి ఎక్కి నిచ్చెన కట్టాయి, పైనున్నది గడియకి జిగురు రాసింది, జర్రున జారింది గడియ. వరండాలోకి వచ్చేసరికి వానపాముల గది తలుపు కింద నుంచి వానపాములు తలలు పెట్టి చూస్తున్నాయి. వాటికీ ముందే కబురుంది. ఎవరు చేరవేశారు? మూలగదిలో ఈగలు. పక్కగదిలోంచి సాలీళ్ళు వరండాకి అడ్డంగా దారం కట్టాయి, దేనికి? నా కాలికి. తట్టుకుని బోర్లాపడ్డాను. ఒక చెప్పు అటు, ఒక చెప్పు ఇటు. నేను లేచేలోపు నత్తలు మలుపు తిరిగాయి."

"ఎంత వేగంతో బావా?"

"సైకిలంత."

"ఎక్కే సైకిలా, తోసే సైకిలా?"

"పందెం సైకిలు. నా వయసు చూడు, నా మోకాళ్ళు చూడు. అయినా వదల్లేదు. పరుగెత్తాను. నత్త వెనక పరుగెత్తి ఆయాసపడ్డ మగవాణ్ణి ఎక్కడైనా చూశావా? చూసుకో, ఇదిగో. మీ అక్కకి చెబితే, ఇన్నేళ్ళకి నీకు తగ్గ జోడీ దొరికిందయ్యా అంది. నలభయ్యోది ఒకసారి ఆగి, వెనక్కి తిరిగి, నేను వస్తున్నానా లేదా అని చూసింది. జాలిపడిందిరా నన్ను చూసి."

"ఇంతకీ ఎటు పోయాయి?"

"ఇటే. ఈ గేటులోంచే."

"గేటు దగ్గర నేనున్నాను" అన్నాడు బావమరిది.

"ఉన్నావు. కూర్చుని ఉన్నావు. కళ్ళు మూసుకుని ఉన్నావు. నీ బూటు మీదుగా పోయాయి, బయటపడితే నీ పరువు పోతుందని నేనెవరికీ చెప్పలేదు. గేటు దాటి, రోడ్డు దాటి, సర్కిల్ చుట్టూ తిరిగి, ఎర్రదీపం పడితే ఆగి, పచ్చదీపం పడితే కదిలి, ఊరంతా నత్తలేనమ్మా. మన నలభై ఎనిమిదిని చూసి ఊళ్ళో నత్తలన్నీ కలిశాయి. నాలుగువేల ఎనిమిది వందలు. నేను లెక్కపెట్టాను."

బావమరిది వేళ్ళమీద భాగించడం మొదలుపెట్టాడు.

బాబాయి అమ్మాయి వైపు చూడకుండా, గొంతు కాస్త తగ్గించి, కథని ఇంతసేపూ ఎందుకు పరుగెత్తించాడో అక్కడికి వచ్చాడు.

"అంత వేగంగా పోతే ఏమవుతుంది? అరుగుతుంది. ఎంత మంచి రంగైనా అరుగుతుంది. అందుకే పొద్దున చూస్తే ఒక్క అంకె మిగల్లేదు. ఆ రంగు మాత్రం చాలా మంచి రంగు. కొన్నవాళ్ళ తప్పు ఇసుమంతైనా లేదు. తప్పంతా నత్తల వేగానిది. పెద్దసారుకైనా ఇదే మాట చెబుతాను నేను."

పాలు చిన్నగా కాగుతున్నాయి. అమ్మాయి తలెత్తి, ఏదో లెక్క చూసుకుంటున్నట్టు ఆయన్ని చూసింది.

"బాబాయి, అంకె నేను పెంకు మీద, నడినెత్తిన వేశాను."

"అవునమ్మా."

"నత్త నడిచేది పొట్ట మీద."

"అంతే కదమ్మా."

"నేలకి రాసుకుంటే పొట్ట అరగాలి. నెత్తిమీద అంకె ఎలా అరిగింది?"

బాబాయి నోరు తెరిచాడు. మలుపు దగ్గర పల్టీలు కొట్టాయందామనుకున్నాడు. పైకప్పు మీద తలకిందులుగా నడిచాయందామనుకున్నాడు. తలకిందులుగా నడిచినా పొట్టే కదా తగిలేది. ఎప్పుడు పిలిచినా పరుగున వచ్చే అబద్ధాలు ఆ పూట ఒక్కటీ రాలేదు.

"అబద్ధమాడినా అతికినట్టుండాలి బావా" అన్నాడు బావమరిది.

"బ్రష్షుతో అరిగింది" అన్నాడు బాబాయి.

"ఏ బ్రష్షు?" అంది అమ్మాయి.

"పళ్ళు తోముకునేది. పాతది. మెత్తగానే ఉంటుంది."

"డబ్బాకి డబ్బా విడిగానే తోమావా?"

"ఒకే తొట్టిలో పోశానమ్మా. అంకెలు బాగా కనబడాలని తోమాను. నత్త ఒక్కటీ ఎక్కడికీ పోలేదు. పారిపోదామనుకున్నది నేను."

అమ్మాయి తిట్టలేదు, గ్లాసు బల్ల మీద పెట్టింది. తిట్టినా బాగుండుననిపించింది బాబాయికి.

"బరువైనవన్నీ పొడి తిన్నవే అయ్యుంటాయి తల్లీ, అలా ఏరేద్దామా?" అన్నాడు మెల్లిగా.

"పొడి తింటే పెంకు బరువెక్కుతుందా అని కదా బాబాయి నేను చూస్తున్నది. బరువు చూసి ఏరితే, జవాబు నేనే రాసుకుని ప్రశ్న అడిగినట్టవుతుంది."

ఆయన తల దించుకున్నాడు. "కొన్నిటిని మొహం చూసి గుర్తుపడతాను. రోజూ తిండి పెట్టేది నేనే కదా" అన్నాడు.

బావమరిది ఫక్కున నవ్వాడు. అమ్మాయి నవ్వలేదు. "ఎన్నిటిని?" అంది.

నలభై ఎనిమిది అన్న మాట నాలుక కొసదాకా వచ్చింది. బాబాయి దాన్ని టీతో పాటు మింగేశాడు.

"మూడు" అన్నాడు.

బావమరిది నవ్వు ఆగిపోయింది. "వదినా, మూడుని పదితో ఎలా భాగించాలి?"

"భాగించకు. మూడంటే మూడే" అంది వదిన, పొయ్యి తగ్గిస్తూ.

అమ్మాయి చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసి లేచింది. నత్తల గదిలో బాబాయి ముందు అద్దాలు పెట్టుకున్నాడు. పెంకు అంచు చిట్లినది ఏడో అంకెది. పాత పగులు మానిన మచ్చ ఉన్నది పంతొమ్మిది. ఎక్కడ పెట్టినా మూతదాకా ఎక్కి అంటుకునేది నలభై. అమ్మాయి మూడింటినీ తూచి సోమవారం పుస్తకంతో సరిచూసింది. దగ్గరదగ్గరగా సరిపోయాయి. బాబాయి చెయ్యి నాలుగో నత్త మీద ఆగింది.

"ఇది?" అంది అమ్మాయి.

ముప్ఫైఒకటని ఆయన మనసు చెబుతోంది. "తెలీదమ్మా" అన్నాడు.

నాలుగవుతోంది. పెద్దసారు గది ముందు బాబాయి ఆగాడు. "నేనే చెబుతాను తల్లీ. నా మాట దారి తప్పితే నువ్వొక్కసారి దగ్గు. నాకు నా నోటి మీద నమ్మకం లేదు."

లోపల అంతా చెప్పాడు. తొట్టి చెప్పాడు, గోరువెచ్చని నీళ్ళు చెప్పాడు, బ్రష్షు చెప్పాడు.

"అంకెలు పోతుంటే నీకు కనబడలేదా?" అన్నారు పెద్దసారు.

"నాది గద్ద చూపు సార్, కాకపోతే ఆ గదిలో వెలుతురు..."

అమ్మాయి దగ్గింది.

"అద్దాలు పెట్టుకోలేదు సార్" అన్నాడు బాబాయి.

పెద్దసారు కలం మూత తీశారు. "అయితే రంగు తప్పూ కాదు, అమ్మాయి తప్పూ కాదు. మళ్ళీ మొదలుపెట్టడానికి నాలుగు నెలలు ఇమ్మని పైకి రాస్తాను. నీ మీద కూడా ఒక కాగితం రాయక తప్పదు."

"రాయండి సార్."

"కొన్నిటిని గుర్తుపట్టావంటున్నావు. ఎన్ని?"

"మూడు సార్. నాలుగోది అనుమానం, అందుకని లెక్కలో వెయ్యలేదు."

పెద్దసారు కూడా ఆ టీ బండి దగ్గర టీ తాగే మనిషే. కలం ఆపి, బాబాయిని వదిలేసి, మళ్ళీ దగ్గుతుందేమోనని అమ్మాయి వైపు చూస్తూ కూర్చున్నారు.

అమ్మాయి దగ్గలేదు.