ఎవరికైనా ఇచ్చే ఖాతా

బ్యాంకులో పొడవాటి బెంచీ. అక్క, తమ్ముడు. ఉదయం పదకొండు దాటింది.

"...అందుకే ఈ బ్యాంకే కావాలంటున్నా. ఇక్కడ మనకు ఏ బాకీ లేదు."

"బాకీ లేకపోతే లేకపోనీ అక్కా. ఇంకో రోజు రావచ్చుగా."

"ఇంకో రోజంటే ఎప్పుడ్రా? ఇవాళ ఇరవై మూడు. ఇరవై అయిదు లోపల కొత్త ఖాతా నంబరు ఇమ్మన్నాడు మా జీతాల గుమస్తా. దాటిందా, ఈ నెల జీతం కూడా ఆ పాత బ్యాంకులోనే పడుతుంది. పడగానే వాళ్ళు మింగేస్తారు."

"మొత్తం మింగరులే."

"పోయిన నెల ఎంత మిగిల్చారో తెలుసా? బస్సు టిక్కెట్లకు. అప్పు వాయిదా అని కొంత, లేటు ఫైను అని కొంత, ఓవర్‌డ్రాఫ్టు వడ్డీ అని కొంత. ఒకటో తారీఖు పొద్దున ఏడింటికి జీతం పడింది. ఏడూ పదికి లేదు. అప్పటికి నేను ఆసుపత్రిలో మొదటి దుప్పటి కూడా మిషన్లో వెయ్యలేదు."

"బావ ఏమన్నాడు?"

"మీ బావ ఏమంటాడు. కొట్టు మూసినప్పటినుంచీ గోడకేసి చూస్తూ కూర్చుంటాడు. ఫోన్ మోగితే ఉలిక్కిపడతాడు. కొట్టు ఆయనది, అప్పు కాగితాల మీద సంతకం నాది."

"ఆ సంతకం పెట్టొద్దని నేనప్పుడే చెప్పా."

"నువ్వు చెప్పలేదు. కొట్టు తెరిచిన రోజు అందరికంటే ముందొచ్చి గల్లాపెట్టె దగ్గర కుర్చీలో కూర్చున్నావు."

"సరేలే. అసలు ఈ ఖాతా సంగతి నీకెవరు చెప్పారు?"

"అప్పులవాళ్ళకు సలహాలిచ్చే కేంద్రంలో కళ్ళద్దాలావిడ. పైసా తీసుకోలేదు. కాగితమ్మీద రాసి మరీ ఇచ్చింది. చూడు. బేసిక్ ఖాతా. జీతం పడుతుంది, కార్డు ఇస్తారు, బిల్లులు కట్టుకోవచ్చు. ఖాతాలో ఉన్నంతే తీసుకోవాలి, లేనిది వాడుకోనివ్వరు. అంటే కొత్త అప్పు పుట్టదు. ఎవరికైనా ఇస్తారట. వాయిదాలు తప్పినా, దివాలా తీసినా సరే."

"ఎవరికైనానా?"

"ఎవరికైనా. 'అప్పు ఎగ్గొట్టమనడం లేదమ్మా, ముందు నీ జీతం నీ చేతికి రానీ, తిండికీ అద్దెకూ పక్కన పెట్టు, మిగిలింది ఎవరికెంత ఇవ్వాలో ఇద్దరం కూర్చుని లెక్క చూసి బాకీలవాళ్ళకు ఉత్తరాలు రాద్దాం' అంది. ఆ రాత్రి నాకు నిద్రపట్టిందిరా. ఎన్నాళ్ళయిందో."

"మరి ఊరికే ఇచ్చేస్తారా? ఏదీ చూడకుండా?"

"పేరూ చిరునామా చూస్తారట. కంప్యూటర్లో ఏదో చూస్తారట. చూడనీ. మనకేం భయం?"

"భయమని కాదు."

"మరి కాలు కాలిన పిల్లిలా ఎందుకు తిరుగుతున్నావు? కూర్చో."

"కూర్చునే ఉన్నాగా."

"ఇందాకటినుంచి రెండుసార్లు లేచావు. అదిగో, ఆ ఫోన్ మళ్ళీ మోగుతోంది. ఎత్తు."

"ఎవరో లోన్లు అంటగట్టేవాళ్ళు."

"అయితే కట్ చెయ్యి. పామును చూసినట్టు దానికేసి చూస్తావేం?"

"అక్కా, ఒక మాట విను. ఖాతా నా పేరు మీద తెరుద్దాం. నీ జీతం అందులో వేయించుకో. పడగానే తెచ్చి నీ చేతిలో పెడతా."

"నా జీతం నీ ఖాతాలోనా? గుమస్తా ఒప్పుకోడు. అయినా నీకు ఖాతా ఏదీ? ఉన్నది మూసేశారనేగా, కొత్త ఉద్యోగం జీతం పడాలని పోయినేడు నేను వాడని పాత ఖాతా కార్డు పట్టుకెళ్ళావు."

"అది వేరే సంగతి."

"ఆ కార్డు ఇంకా తిరిగివ్వలేదు నువ్వు."

"ఇస్తాలే. ఎక్కడో ఉంది."

"ఎక్కడో ఉండటమేంటి? పోగొట్టావా?"

"ఉందక్కా. ఇంట్లోనే ఉంది. వెతకాలి."

"డెబ్బై మూడు. టోకెన్ డెబ్బై మూడు ఎవరండీ?"

"మనదే. పద."

"నువ్వెళ్ళు. నేనిక్కడే కూర్చుంటా."

"తోడొస్తానని పొద్దున్నే గుమ్మంలో నిలబడ్డావు. తీరా వచ్చాక బెంచీకి తోడా?"

"వెళ్ళక్కా. ఇంకొకరిని పిలిచేస్తారు."

"మేడమ్, నాది డెబ్బై మూడు. బేసిక్ ఖాతా కావాలి."

"కూర్చోండమ్మా. మామూలు ఖాతా తీసుకోకూడదూ? అందులో ఓవర్‌డ్రాఫ్టు కూడా వస్తుంది."

"అదే వద్దు మేడమ్. ఎదురుగా పెడితే చెయ్యి ఊరుకోదు. నాకు అప్పులున్నాయి. దాచను."

"దాచక్కర్లేదు. దీనికి అప్పులు అడ్డం కాదు. గుర్తింపు కార్డు, ఇంటద్దె రసీదు ఇవ్వండి. ఏం పని చేస్తారు?"

"ఆసుపత్రి లాండ్రీలో మేడమ్. పదకొండేళ్ళయింది. దుప్పట్లు, డాక్టర్ల కోట్లు."

"చేతులు చూస్తేనే తెలుస్తోంది. మా అమ్మా ఇస్త్రీ పనే చేసేది. ఆ ఆవిరి మచ్చలు జన్మలో పోవు."

"పోవు మేడమ్. గ్లవుజులిస్తారు గానీ అవి వేసుకుంటే మడత సరిగ్గా రాదు."

"అవును, అమ్మ కూడా అదే అనేది. ఇక్కడ సంతకం. ఇక్కడ కూడా. కార్డు నాలుగు రోజుల్లో ఇంటికొస్తుంది. ఖాతా నంబరు మాత్రం ఇప్పుడే ఇచ్చేస్తాను."

"ఇప్పుడేనా? అయితే సాయంత్రం డ్యూటీకి వెళ్తూ గుమస్తాకిచ్చేస్తా. ఈ నెల పిల్లకు బూట్లు కొనొచ్చు. ముందువైపు నోరు తెరుచుకున్నాయి."

"ఒక్క నిమిషం."

"ఏమైంది మేడమ్?"

"ఏం లేదు. మీ పుట్టిన తేదీ మళ్ళీ చెప్పండి."

"మార్చి తొమ్మిది. కార్డు మీద ఉంది కదా."

"ఉంది. సరిచూసుకుంటున్నా. అమ్మా, మీకు ఇంకెక్కడెక్కడ ఖాతాలున్నాయి?"

"జీతం పడేది ఒకటి. ఇంకోటి పిల్ల పుట్టినప్పుడు తెరిచింది, బజారు మూల బ్యాంకులో. నెలకింత వేద్దామనుకున్నా. ఎక్కడ? అదెప్పుడో ఎండిపోయింది."

"ఎండిపోయిందా?"

"నేనటువైపు వెళ్ళి ఏళ్ళయింది మేడమ్."

"మీరు వెళ్ళలేదు."

"లేదు."

"మీరు కాసేపు ఆ బెంచీ మీద కూర్చోండి. మేనేజరు గారితో మాట్లాడొస్తాను. గుర్తింపు కార్డు నా దగ్గరే ఉండనివ్వండి."

"అదెందుకు మేడమ్?"

"కూర్చోండమ్మా. బయటికి మాత్రం వెళ్ళకండి."

"ఏమందక్కా? ఇచ్చిందా?"

"మేనేజరు దగ్గరికెళ్ళింది. నా కార్డు పట్టుకుని."

"పద, వెళ్ళిపోదాం."

"కార్డు లోపలుంటే ఎలా వెళ్తాం?"

"కార్డుదేముంది, ఇంకోటి తీసుకోవచ్చు. పద అక్కా, లే."

"చెయ్యి వదులు. ఎవరికైనా ఇచ్చే ఖాతా నాకెందుకివ్వట్లేదు? అంతసేపూ బాగానే మాట్లాడింది. వాళ్ళమ్మ గురించి కూడా చెప్పింది. కంప్యూటరు చూశాక నా మొహం చూడటం మానేసింది."

"ఏదో పొరపాటై ఉంటుంది."

"నీ మొహమేంట్రా అలా పాలిపోయింది? నేను నిన్నేమన్నాను? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు."

"ఏం లేదు. ఎండలో వచ్చాంగా."

"ఆ కాగితం ఇటివ్వు. అడుగున ఇంకో ముక్క ఉంది. నాకు సంబంధం లేదని చదివి వదిలేశా. ఇదిగో. 'మోసం కేసులో పేరున్నవారికి తప్ప'."

"అక్కా..."

"ఆవిడ నా పాత ఖాతా గురించి అడిగింది. దాంట్లో నీ జీతమేగా పడింది?"

"నెమ్మదిగా మాట్లాడు."

"జీతమేనా?"

"మొదట్లో అదే అనుకున్నా. తర్వాత ఆ ఉద్యోగం లేదన్నారు. అక్కడే ఒకతను పరిచయమయ్యాడు. ఖాతాలో డబ్బు పడుతుంది, తీసి తెచ్చివ్వాలి, వందకు అయిదు నీవి అన్నాడు. వ్యాపారం డబ్బేనన్నాడు. పన్నుల గొడవ వల్ల ఇలా తిప్పుతున్నామన్నాడు."

"ఎన్నిసార్లు?"

"ఎక్కువ కాదు."

"ఎన్నిసార్లురా?"

"లెక్కపెట్టలేదు."

"చిన్నప్పుడు గోళీలు పొద్దునా సాయంత్రం లెక్కపెట్టుకునేవాడివి."

"నన్నలా చూడకు. వేసవిలో నీ వాయిదాలు మూడు ఎవరు కట్టారనుకున్నావు?"

"బావ స్నేహితుడెవరో సర్దాడన్నావు."

"ఏ స్నేహితుడు సర్దుతాడక్కా ఈ రోజుల్లో? నేనే కట్టా. ఇంటికి మనుషులొచ్చి తలుపులు బాదుతుంటే చూస్తూ ఊరుకోనా? నీ కోసమే."

"నా కోసం నా పేరే అమ్మావా."

"అమ్మలేదు. వాడుకున్నా, అంతే. ఇక చాలు, మానేస్తానంటే వాళ్ళు వదలట్లేదు. ఆ ఖాతా ఆగిపోయిందట. కొత్త కార్డు ఏదైనా తెచ్చివ్వమంటున్నారు. పొద్దున్నుంచీ ఫోన్ చేసేది వాళ్ళే."

"కొత్త కార్డు. అంటే ఇవాళ నువ్వు నా వెంట వచ్చింది..."

"కాదు. ఒట్టు. నిన్ను ఆపడానికొచ్చా. ఇక్కడ నీ పేరు కొట్టగానే బయటపడుతుందని."

"బయటపడుతుందని తెలిసి కూడా చెప్పలేదు."

"ఎలా చెప్పను?"

"నోటితోనే. ఇంటి నుంచి ఇక్కడిదాకా నాలుగు స్టాపులు. బస్సులో పక్కనే కూర్చున్నావు."

"అక్కా, గార్డు చూడు. తలుపు గడియ వేశాడు."

"భోజనాలవేళేమో."

"ఇంకా పన్నెండు కాలేదు. అక్కా, విను, టైము లేదు. ఆ పాత ఖాతా కార్డు పోయిందని చెప్పు. బస్సులో ఎక్కడో పడిపోయిందని. నీకేం కాదు. పదకొండేళ్ళు ఒకేచోట పనిచేసిన మనిషివి, నమ్ముతారు. నా పేరొస్తే పోలీసులు నన్ను వదలరు. వాళ్ళు కూడా వదలరు. లోపలున్నా వదలరు."

"నీకు తొమ్మిదేళ్ళప్పుడు పక్కింటివాళ్ళ కిటికీ అద్దం పగలగొట్టావు. నేనే కొట్టానని చెప్పి నాన్న చేత దెబ్బలు తిన్నా."

"గుర్తుంది."

"గుర్తుందని నువ్వెప్పుడూ నాతో అనలేదు. ఇదే మొదటిసారి."

"చెబుతావా మరి?"

"చెబుతాను. పోయిందని చెబుతాను. కౌంటర్ దగ్గర ఇప్పటిదాకా ఒక్క అబద్ధం ఆడలేదు నేను. తలెత్తి కూర్చో. ఆవిడ వస్తోంది."

"లేవకండమ్మా, నేనే ఇక్కడికొచ్చా. మేనేజరు గారు ఆ బజారు మూల బ్యాంకుకూ, పోలీసులకూ ఫోన్ చేశారు. చెయ్యక తప్పదు, అది నియమం. వాళ్ళొచ్చేలోపు మీరు చెప్పగలిగింది నాకు చెప్పండి."

"ఏం చెప్పాలి మేడమ్?"

"మీరు ఎండిపోయిందన్న ఖాతాలో ఏడు నెలల్లో ముప్ఫై లక్షలు పడ్డాయి. పడ్డ రోజే ఎవరో తీసేశారు. కార్డు ఎవరి దగ్గరుంది?"

"పోయింది మేడమ్. బస్సులో పడిపోయింది."

"ఎప్పుడు?"

"పోయినేడు."

"ఎక్కడా చెప్పలేదా?"

"అందులో ఏమీ లేదు కదా అని ఊరుకున్నా."

"పిన్ నంబరు కూడా బస్సులోనే పడిపోయిందా అమ్మా?"

"కార్డు వెనక రాసి పెట్టుకున్నా."

"ఆ మాట ఎవరూ నమ్మరమ్మా. చూడండి, నేను మిమ్మల్ని తప్పుపట్టడానికి రాలేదు. అది ఎవరి డబ్బో మీకు తెలియదనే అనుకుంటున్నా. ఆ డబ్బు పోగొట్టుకున్నవాళ్ళలో ఒకావిడ ఉంది. డెబ్బై ఏళ్ళుంటాయి. భర్తకు ఆపరేషనని ఇల్లు అమ్మింది. బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామని ఎవరో ఫోన్ చేసి, మాటల్లో పెట్టి మొత్తం లాగేశారు. అది మీ ఖాతాలోకే వచ్చింది. ఆపరేషన్ జరగలేదు."

"తర్వాతైనా జరిగిందా?"

"ఆయన లేరు."

"ఏ ఆసుపత్రి మేడమ్?"

"నాకు తెలీదమ్మా."

"మా దాంట్లో రోజుకు మూడొందల దుప్పట్లు వస్తాయి. ఎవరివో తెలీదు. మడతపెట్టి పంపుతాం."

"మీరు ఒకటి అర్థం చేసుకోవాలి. ఏటీఎం కెమెరాలో మనిషి టోపీ పెట్టుకుని తల వంచుకున్నాడు. మొహం కనబడలేదు. కాబట్టి పోలీసుల చేతిలో ఉన్నది మీ పేరొక్కటే. మీరు నోరు విప్పకపోతే మొత్తం మీ మెడకే చుట్టుకుంటుంది. మీకు పిల్ల ఉందన్నారు."

"ఉంది. బూట్లు కొనాలి."

"మరి?"

"కార్డు పోలేదు మేడమ్."

"చెప్పండి."

"నేనే ఇచ్చాను. అడిగితే ఇచ్చాను, నంబరు కూడా చెప్పాను. పరాయివాళ్ళకు కాదు. నా..."

"ఒక్క క్షణం ఆగండి. ఇందాక మీరిద్దరూ మాట్లాడుకుంటుంటే చూశాను. ఆయన ముందు చెప్పొచ్చా? ఏమండీ, ఈవిడ మీకేమవుతారు?"

"నాకా? ఏమీ కాదు మేడమ్. ఈవిడెవరో నాకు తెలీదు. ఖాళీ ఉంటే పక్కన కూర్చున్నానంతే."