తోక లేని గుడ్డ

రేవు పక్కన టీకొట్టు నడిపే అక్కకి ఆ రోజు పాలు రెండుసార్లు పొంగి పొయ్యి పాలయ్యాయి. మామూలుగా ఆమె పొయ్యి దగ్గర నిలబడితే పాలు ఆమె మాట వింటాయి. ఆ పూట ఆమె చూపు గిన్నె మీద లేదు. ఎదురుగా బల్ల మీద, ఓనరుగారి గ్లాసు పక్కన పడి ఉన్న లాంచీ తాళంచెవి మీద ఉంది.

నిన్నటిదాకా ఆ తాళంచెవి ఆమె మొగుడి జేబులో ఉండేది. లాంచీ తోలే సరంగు ఆయనే. నిన్న జనంతో కిక్కిరిసిన లాంచీ ఏటి నడిమధ్యకి వెళ్లేసరికి ఇంజన్ మాడు వాసన కొట్టి ఆగిపోయింది. ఇంకో పడవ వచ్చి ఒడ్డుకి లాక్కొచ్చేదాకా పిల్లాజెల్లా ఏడుపులు, పెద్దవాళ్ల తిట్లు. తిట్లన్నీ తిన్నది సరంగు. పైగా ఇంజన్‌కి సర్వీసు చేసిన మేస్త్రి, "నా సర్వీసుకి వంకేం లేదు, తోలడం రాక మాడ్చేశాడు" అని రేవంతా చెప్పుకొచ్చాడు. ఆ మేస్త్రి పరాయివాడైతే అక్క ఎప్పుడో చీపురు తిరగేసేది. సొంత తమ్ముడైపోయాడు. నోరు తెరిచాడంటే బ్రేకు పడదని రేవులో అతన్ని టాప్‌గేరు అంటారు.

టీ తాగి ఏ సంగతో తేల్చేస్తానన్నారు ఓనరుగారు. సరంగు కొట్టు గుంజకి ఆనుకుని చేతులు కట్టుకున్నాడు. అసలే నోట్లో నాలుక లేని మనిషి. పొద్దున ఇంజన్ విప్పి చూసి వచ్చి, తడిసిన గుడ్డముక్క ఒకటి భార్య చేతిలో పెట్టి, "నీ తమ్ముడు. నీ ఇష్టం" అని ఊరుకున్నాడు. ఆ ముక్క ఇప్పుడు టీపొడి డబ్బా వెనక ఉంది. తప్పు వాడి నోటితో వాడే ఒప్పుకుంటాడేమో, నలుగురిలో తమ్ముడి పరువు తీయక్కర్లేదేమో అని అక్క ఆశ.

ఆశకేం, టాప్‌గేరు అప్పటికే బెంచీ ఎక్కి కూర్చున్నాడు.

"ముందు చిన్న సంగతి చెప్తా వినండి ఓనరుగారూ. మానిఫోల్డు విప్పాలి. అదే, ఇంజన్ పక్కన పొగ పోయే ఇనప డొప్ప. వేడెక్కకుండా దాని చుట్టూ ఏటి నీళ్లు తిరుగుతుంటాయి కదా, ఆ తడికి బోల్టులన్నీ తుప్పు పట్టి కరుచుకుపోయాయి. ఇంకో మేస్త్రి అయితే నూనె పోసి నానబెట్టి, దండం పెట్టుకుని మరీ స్పానర్ వేస్తాడు, అయినా ఒకటో రెండో పుటుక్కుమంటాయి. నా చేతిలో ఒక్క బోల్టు విరగలేదు."

"అంతవరకూ నమ్మొచ్చు" అన్నాడు పక్కన వల బాగుచేసుకుంటున్న తాత.

"అంతవరకూ ఏమిటి తాతా, నూనె కూడా వేయలేదు! దగ్గర కూర్చుని ఒక్కోదాన్నీ బుజ్జగించా. రావే అన్నా, వచ్చాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇంజన్ చల్లారాలి కదా, చల్లారేదాకా కూర్చుంటే ఓనరుగారి ట్రిప్పు పోదూ? అందుకని ఇంజన్ నడుస్తుండగానే విప్పేశా."

"నడుస్తుండగానా?" ఓనరుగారు గ్లాసు కింద పెట్టారు.

"నడుస్తుండగా! మానిఫోల్డు ఎర్రగా కాలి ఉంది, స్పానర్ అలా తగిలించానో లేదో కరిగి నా చెప్పుల మీద కారింది, ఇంకో స్పానర్ తీశా, అదీ కారింది, ఇక లాభం లేదని వట్టి చేతుల్తో పట్టుకుని..."

"చేతులు కాలలేదట్రా?"

"నన్ను కాల్చాలంటే దానికి ధైర్యం ఉండాలిగా తాతా!"

మొన్నామధ్య ఇదే చేతి మీద ఒక్క చుక్క వేడి టీ పడితే కొట్టంతా గంతులేసి, అక్క చేత ఊదించుకుని, పూటంతా ఆ చేయి మెడకి కట్టుకుని తిరిగాడు. అక్క అది గుర్తుచేసుకుని గరిటె గట్టిగా తిప్పింది.

"నీళ్ల గొట్టం ఊడదీశాను చూడండీ, ఇక ఆవిరి! షెడ్డు రేకులు లేచి, ఆవిరంతా మబ్బై, అవతలి ఒడ్డున వాన దంచి కొట్టింది."

"మా కోడలు ఆరేసిన బట్టలు తడిసింది అందుకేనన్నమాట."

"అందుకే. నా తరఫున సారీ చెప్పు. సరే, మానిఫోల్డు ఊడింది, ఇంజన్ ఆగలేదు, పొగ పోయే దారి లేదు. ఆ పొగ ఎలాంటిదనుకున్నారు? మూసిన షెడ్డులో నాలుగు గుక్కలు పీలిస్తే మనిషి కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోతాడు. ఏం చేశానో తెలుసా? కన్నాలకి నోరు ఆనించి పొగంతా నేనే పీల్చేసుకుని, బిగబట్టి ఇంటికెళ్లి, భోజనం చేసి, పెరట్లోకెళ్లి నెమ్మదిగా వదిలా."

"పొగ లోపల పెట్టుకుని అన్నం ఎలా తిన్నావురా?"

"అది పక్కకి జరిగి చోటిచ్చింది."

ఓనరుగారికి నవ్వాగలేదు. నవ్వుతూ నవ్వుతూ ఆయన వేలు తాళంచెవి మీద పడింది. దాన్ని బల్ల మీద అటూ ఇటూ తిప్పుతున్నారు. అది తిరిగినప్పుడల్లా అక్క చూపూ దానితోపాటే తిరుగుతోంది. ఇల్లు గడిచేది ఈ టీగ్లాసుల మీద కాదు, ఆ తాళంచెవి మీద. పైగా ఏ ఇంజన్‌నీ మాడ్చని మనిషికి మాడ్చేశాడన్న పేరు వస్తే ఏ రేవులోనూ పని దొరకదు.

ఆమె తమ్ముడి ముందు టీ పెట్టి, చివరిసారిగా ఒక దారి చూపించింది.

"విప్పడం సరేరా. మూసేటప్పుడు అన్నీ చూసుకునే మూశావా? కన్నాల్లో కుక్కిన గుడ్డలూ అవీ తీశావా?"

మానిఫోల్డు ఊడదీస్తే పొగ పోయే కన్నాలూ, నీళ్లు తిరిగే కన్నాలూ అన్నీ బయటపడతాయి. తుప్పు పెళ్లలు, నట్లు వాటిలో పడకుండా గుడ్డలు కుక్కుతారు. సరంగు సొంతంగా పనిచేసుకునేటప్పుడు ప్రతి గుడ్డకీ ఒక కొస బయటికి వదిలి బోల్టుకి ముడేస్తాడు. షెడ్డులో దాన్ని తోక అంటారు. తోక కనబడుతున్నంతసేపూ లోపల గుడ్డ ఉందని గుర్తు.

టాప్‌గేరు పడిపడి నవ్వాడు.

"తోకల సంగతా అక్కా! ఓనరుగారూ, మా బావ ఇంజన్ విప్పితే చూడాలి, పశువుల పాకలోకి వెళ్లినట్టుంటుంది, ఎటు చూసినా తోకలే. జ్ఞాపకం లేనివాళ్లకి తోకలు కావాలి గానీ నాకెందుకు? నేను పుట్టిన రోజున ఇంట్లో ఎవరెవరున్నారో కూడా చెప్పగలను."

"అమ్మా, నేనూ, మంత్రసానీ" అంది అక్క.

"చూశారా, సరిగ్గా అదే చెప్పబోతున్నా!"

"అంత బాగా సర్వీసు చేస్తే మరి ఇంజన్ ఎందుకు ఆగిందయ్యా?" అన్నారు ఓనరుగారు.

టాప్‌గేరు గొంతు తగ్గించాడు. జాలి కూడా కాస్త కలిపాడు. "అదే కదండీ నా బాధ. మా బావ బంగారం లాంటి మనిషి, కాదనను. కానీ ఇంజన్‌కి మంచితనం ఎక్కదు. ఆ తాళంచెవి నా చేతిలో పెట్టి చూడండి. తోలేదీ నేనే, బాగుచేసేదీ నేనే. మీకు బెంగుండదు."

అక్కకి ఒళ్లు మండిపోయింది. చంకనేసుకుని తిప్పిన తమ్ముడు. తన ముద్ద తీసి వాడి నోట్లో పెట్టిన రోజులున్నాయి. ఇప్పుడు వాడు ఆమె కళ్లెదుటే ఆమె ఇంటి ముద్ద లాక్కుంటున్నాడు, అదీ జాలిపడుతూ. గుంజ దగ్గర సరంగు తల వంచుకున్నాడు.

"అదంతా సరేగానీ" అన్నాడు తాత, వల ముడి పళ్లతో బిగిస్తూ, "నీ తువ్వాలు అంచేమైందిరా? ఎలుకలు కొట్టాయా?"

టాప్‌గేరు భుజం మీది తెల్ల తువ్వాలుకి మూడు వైపులా ఆకుపచ్చ దారంతో కుట్టిన అంచు ఉంది. నాలుగో వైపు పీలికలుగా చిరిగి ఉంది. ఆ అంచు కుట్టింది అక్కే. వేరే దారం లేక ఆకుపచ్చది వాడింది.

"భలే అడిగావు తాతా, అసలు కథంతా దీనిదే!" టాప్‌గేరు బెంచీ మీంచి లేచి నిలబడ్డాడు. "అంతా బిగించేశా, ఇంతలో మానిఫోల్డు నిలువునా పగిలింది. పగుల్లో నా చేయి పడుతుంది, ఏరంతా అందులోంచి లోపలికి దూకుతోంది, ఇంకో నిమిషమైతే లాంచీ మునిగి, రేవు మునిగి, ఈ టీకొట్టు కూడా మునుగుతుంది. మా అక్క కొట్టు కదా, ఊరుకుంటానా? తువ్వాలు అంచు సర్రున చింపా, పగుల్లో కుక్కా, పిడికిలి బిగించి ఒక్క గుద్దు గుద్దా. అంతే, గుడ్డా ఇనుమూ ఏకమైపోయాయి! ఈ రోజుకీ ఆ ఇంజన్‌ని నిలబెడుతున్నది ఆ ముక్కే. అబద్ధమైతే విప్పి చూసుకోండి, మానిఫోల్డు లోపలే ఉంటుంది!"

సరంగు తలెత్తి భార్య వైపు చూశాడు.

అక్క పొయ్యి ఆర్పింది. టీపొడి డబ్బా వెనక్కి చేయి పెట్టి ముక్క తీసింది. తమ్ముడి భుజం మీంచి తువ్వాలు లాగి బల్ల మీద పరిచి, పక్కనే ఆ ముక్క పెట్టింది. తుప్పు నీళ్లకి ఎర్రగా నాని, నలిగి ఉంది. ఒక పక్కన ఆకుపచ్చ దారం మాత్రం ఇంకా తెలుస్తోంది. చిరుగుకి చిరుగు సరిగ్గా కలిసింది.

"ఇంతసేపట్నుంచీ మా తమ్ముడు చెప్పినదాంట్లో నిజం ఇదొక్కటే ఓనరుగారూ" అంది. "ముక్క మానిఫోల్డు లోపలే దొరికింది. మా ఆయన పొద్దున విప్పి తీశారు. నీళ్లు తిరిగే దారిలో బిరడా కొట్టినట్టు ఇరుక్కుని ఉంది. చుట్టూ నీళ్లు తిరక్కపోతే ఎవరు తోలినా ఇంజన్ మాడుతుంది. వాడే చెప్తాడేమోనని ఆగాను. చెప్పాడు, పాపం, వాడికే తెలియకుండా."

తాత వల వదిలేసి కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాడు. ఓనరుగారు నవ్వలేదు. నిన్న ఆ లాంచీలో ఎంతమంది పిల్లలున్నారో ఆయనకి అప్పుడు గుర్తొచ్చినట్టుంది. తాళంచెవి తీసుకుని లేచి వెళ్లి స్వయంగా సరంగు చేతిలో పెట్టారు.

"ఇంజన్ మళ్లీ మూయాలి" అన్నాడు సరంగు బావమరిదితో. "రా. ఈసారి తోకలు వదిలి చెయ్యి. నేను పక్కనే ఉంటా."

టాప్‌గేరు తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. నోరు మాత్రం ఆగలేదు.

"అది కాదు బావా, అసలేమైందంటే, ఇంజన్ నీళ్లు మరీ ఎక్కువ తాగేస్తోందని నేనే కావాలని..."

అక్క ఆ తడి ముక్కని వాడి చేతిలో పెట్టింది.

"ఇది తీసుకెళ్లి నోట్లో కుక్కుకోరా. ఒక కొస మాత్రం బయటికి వదులు."